ఇందుమతి మోడల్ రైక

పోయినేడు శ్రావణమాసం. ఆళ్లగడ్డలో నా లేడీస్ టైలరింగ్ షాపులో కాలు పెట్టడానికి జాగా లేదు. ఒక పక్క కత్తిరించిన గుడ్డలు, ఇంకో పక్క ఫాల్ కుట్టాల్సిన చీరలు, మధ్యలో "నూర్జా, నాది అయిందా?" అని మీద పడే ఆడోళ్లు. నా పేరు నూర్జహాన్. పూర్తి పేరు పెట్టి పిలిచేది బ్యాంకోళ్లు మాత్రమే. పని నేర్చింది నంద్యాలలో మా మేనత్త దగ్గర. పెళ్లై ఈ ఊరికొచ్చాక ఒక మిషన్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు షాపు నిండా మిషన్లు, వెనక గదిలో మగ్గం. మగ్గమంటే నేతమగ్గం కాదు. చెక్క ఫ్రేముకు గుడ్డను బిగించి, ఆరీ సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే పని. పెళ్లి రైకకు అందం తెచ్చేది అదే.

మా షాపులో ఒక పద్ధతుంది. మధ్యాహ్నం సీరియల్ మొదలయ్యే టైముకు మిషన్లన్నీ ఆపేస్తాం. మిషన్లు గరగరలాడుతుంటే టీవీలో మాట వినపడదు. వినపడలేదంటే మా ఆడోళ్లు నన్ను బతకనియ్యరు. అట్లని ఊరికే కూర్చోబెట్టి కూలీ ఇయ్యలేను గద! అందుకని ఆ అర్ధగంటకు చేతిపని పెట్టాను. హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ అన్నీ ఆ టైములోనే. మగ్గం చిన్నదైతే ముందు గదిలోకి తెచ్చుకుంటారు. కళ్లు టీవీ మీద, వేళ్లు గుడ్డ మీద. ఏడుపు సీను వచ్చిన రోజు హుక్కులు వంకరగా పడతాయి. మరుసటి రోజు విప్పి మళ్లీ కుట్టిస్తాను. కస్టమర్లకు కూడా ఆ టైము తెలుసు. ట్రయల్‌కు ఎప్పుడైనా రమ్మంటే సరిగ్గా అప్పుడే దిగుతారు.

ఆ సీరియల్ పేరు ఎవరూ పలకరు. ఇందుమతి సీరియల్ అంటారు. ఇందుమతి అనే కోడలు, ఆమె మొగుడు రాఘవ్, వాళ్ల కాపురంలో నిప్పులు పోసే అత్త, ఇంతే కథ. కానీ ఆ పిల్ల వేసుకునే రైకలున్నాయి చూడండి, అవి నా వ్యాపారానికి ప్రాణం పోశాయి. ఎర్ర పట్టు మీద మోచేతుల దాకా చేతులు, చేతి అంచున పచ్చపూసల వరసలు, వీపు మీద నెమలి. ఒక పండగ ఎపిసోడ్‌లో వేసుకుందో లేదో, మరుసటి రోజే ఫోనులో ఫోటో పట్టుకొని వచ్చేశారు. "ఇందుమతి మోడల్ కుట్టియ్యి నూర్జా." పూసలకోసం నంద్యాల బజారు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు.

ఆ నెమలిని కుట్టేది సువర్ణ. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పాములపాడుకు ఇచ్చారు పిల్లను. మొగుడు రోడ్డు ప్రమాదంలో పోయాక కూతుర్ని చంకనేసుకొని ఆళ్లగడ్డలో అమ్మ దగ్గరికి వచ్చేసింది. నా దగ్గర చేరినప్పుడు మగ్గం పని ఒక్క ముక్క రాదు. నేర్చుకుంది. ఇప్పుడు ఆమె కుట్టిన నెమలిని చూస్తే నాకే అసూయ పుడుతుంది. నుదుట చిన్న నల్ల స్టిక్కర్ పెట్టుకుంటుంది. ఈ కాలం పిల్లలందరూ అదే పెట్టుకుంటారు గనక ఎవరికీ అనుమానం రాదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? రైకకు కొలతలు కావాలి గానీ కుట్టినామె జాతకమెందుకు?

కానీ సువర్ణకు ఒక అలవాటుంది. మా కస్టమర్లు పెళ్లికి పిలవడానికి వచ్చినప్పుడు కుంకుమ భరిణె తెచ్చి, షాపులో ఉన్న ఆడోళ్లందరికీ బొట్టు పెట్టి పిలుస్తారు. నాకు బొట్టు పెట్టరు, కార్డిచ్చి చెయ్యి పట్టుకొని పిలుస్తారు, అది మా మధ్య మర్యాద. భరిణె మూత తీసిన చప్పుడు వినగానే సువర్ణ లేచి వెనక గదిలోకి పోతుంది. దారం తెచ్చుకోవడానికన్నట్టు పోతుంది. ఎంత సేపైనా ఆ దారం దొరకదు.

ఆ శ్రావణంలో ఉయ్యాలవాడ దగ్గర పల్లె నుంచి ఈశ్వరమ్మక్క వచ్చింది. సేద్యం బాగా ఉన్న ఇల్లు, మాట కొట్టినట్టుంటుంది, మనసు మాత్రం మెత్తన. కూతురు హారిక పెళ్లి అహోబిలంలో. ముహూర్తం చీర మీదికి ఇందుమతి మోడల్ కావాలని తల్లీకూతుళ్లిద్దరూ ఒకే మాట. పెళ్లి గుడ్డ గనక కొసకు పసుపు పెట్టి నా చేతిలో పెట్టింది.

"నూర్జా, నెమలి కన్ను నన్ను చూస్తాండాల. అట్ల కుట్టియ్యాల," అంది.

"నెమలి నిన్ను చూస్తే పెళ్లికొడుకు ఎవర్ని చూడాలక్కా?" అన్నాను.

"నోరు మూసుకొని కుట్టు," అని నవ్వుకుంటూ పోయింది. సువర్ణ ఆ రైక మీద ఎన్నాళ్లు వంగి కూర్చుందో. మెడ పట్టేసి రాత్రుళ్లు జండూబాం రాసుకుందట.

పని ముగుస్తుందనగా సీరియల్ కథ రాసేటోనికి పురుగు కుట్టింది. రాఘవ్ కారును లోయలోకి తోసేశాడు. ఆ కబురు ఇందుమతికి చేరినప్పుడు ఆమె ఒంటి మీద ఏ రైకుందో చెప్పాలా? అదే. ఎర్రపట్టు, పచ్చపూసలు, నెమలి. గోడకు వీపు ఆనించి జారిపోతుంటే ఆ నెమలిని మూడు దిక్కుల నుంచి చూపించారు.

షాపులో చావింటి కన్నా ఎక్కువ ఏడుపు. పక్కన గాజుల అంగడి పెట్టుకున్న ఖాసింబీ చిన్నమ్మ రోజూ మా షాపులోనే సీరియల్ చూస్తుంది. ఆమె ఒక్కతే కళ్లు తుడుచుకోలేదు.

"శవాన్ని చూపించినారా? లేదు గద! శవం చూపీలేదంటే వాడు వస్తాడు. ఎన్ని సీరియళ్లు చూసినానో నేను!"

"యాడ వస్తాడు చిన్నమ్మా? వానికి సినిమాలో చాన్స్ వచ్చిందంట. అందుకే చంపినారు. యూట్యూబులో చెప్తాండారు," అని మిషన్ కుట్టే లక్ష్మి.

"చంపితే చంపినారు, ఆ పిల్లను అట్ల చేసినారేందీ? మొన్నటిదాకా అత్తకు ఎదురు నిలబడి మాట్లాడిన పిల్ల, ఈ పొద్దు మాట రానిదాని మాదిరి గోడకానుకొని ఏడుస్తాంది. రాసేటోడు మారిపోయినాడా ఏంది?" అని ఇంకొకామె. ఆ ప్రశ్న నాకు నచ్చింది. చదువుకున్నోళ్లు విమర్శ అంటారే, అది ఇదే గద.

నా ఏడుపు వేరే. సాయంత్రానికే ఫోన్లు మొదలయ్యాయి. "నూర్జా, ఆ మోడల్ వద్దు." "నూర్జా, నెమలి తీసెయ్యి." "తాళి తెగిన నాడు ఏసుకున్న రైకను పెళ్లికి ఎట్ల ఏసుకుంటారు?" ఆ రాసేటోనికేం, చల్లగా ఏసీలో కూర్చొని ఒక కారును తోసినాడు. ఇక్కడ నా షాపులో ఉన్న పెళ్లి రైకలన్నీ ఆ లోయలోనే పడ్డాయి. వాడు ఎదురుగా దొరికితే టేపు మెడకు చుట్టి కొలత తీసుకునేదాన్ని.

ఈశ్వరమ్మక్క కూడా ఫోన్ చేసింది. నేను ఖరాఖండిగా చెప్పాను. "అక్కా, ఒకసారి వచ్చి పిల్లకు తొడిగి చూడు. అప్పుడూ వద్దంటే నేనే విప్పేస్తా."

వచ్చారు. ఇంకెప్పుడొస్తారు, సీరియల్ టైముకే. పెళ్లి వారం కూడా లేదు గనక మమ్మల్ని పిలవడానికి కార్డులు, భరిణె కూడా సంచిలో తెచ్చుకుంది ఈశ్వరమ్మక్క. మిషన్లు ఆపేశాం. ఆ రోజు టీవీలో బంధువులంతా చేరి, ఇందుమతికి బొట్టు తుడిచి గాజులు పగలగొట్టాలని పట్టుబడుతున్నారు. అత్త ముందుండి చెయ్యి చాపింది. చెయ్యి నుదుటి దాకా వచ్చింది.

"తీయద్దు! ఒసే, తీయద్దే! ఆ పిల్ల ఏం పాపం చేసింది?" అని అరిచింది ఈశ్వరమ్మక్క. కొంగు నోట్లో కుక్కుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. "మొగుడు పోయిన దుఃఖం చాలదా, బొట్టు గూడా తీయాల్నా? ఈ కథ రాసేటోనికి అక్కాచెల్లెళ్లు లేరా?"

అత్త చెయ్యి అక్కడే ఆగింది. మిగతాది రేపు అన్నారు. అందరూ రాసేటోణ్ణి తిట్టుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. సువర్ణ తల ఎత్తలేదు. ఒక హుక్కు కుట్టి, దారం తెంపి, ఇంకో హుక్కు తీసుకుంది.

తరవాత హారిక ఆ రైక తొడుక్కొని కర్టెన్ వెనక నుంచి వచ్చింది. ఎక్కడా ముడత లేదు. తిరిగి నిలబడితే నెమలి మెడ తిప్పి చూస్తున్నట్టే ఉంది. ఆ పిల్ల అద్దం ముందు నుంచి కదలనంటుంది.

"ఇంక దీన్ని ఇందుమతి మోడల్ అనొద్దులే అక్కా. హారిక మోడల్ అందాం," అన్నాను. ఈశ్వరమ్మక్క మెత్తబడింది. కూతురి వీపు మీద చెయ్యి పెట్టి పూసల మీద వేళ్లు జరిపింది.

"ఎవరు నూర్జా ఈ పని చేసింది? ముందు ఆ పిల్లకు బొట్టు పెట్టి పిలుస్తా. తర్వాతే మీకంతా," అని సంచిలోంచి భరిణె తీసింది. మూత చప్పుడైంది. సువర్ణ అప్పటికే లేచి వెనక గది దిక్కు నడుస్తోంది.

"అదో, ఆ అక్కే!" అంది కొలతలనాడు సువర్ణను మగ్గం ముందు చూసిన హారిక, నేను సైగ చేసేలోపే. "అక్కా, యాడికి పోతాండావ్? మా అమ్మ పిలుస్తాంది."

సువర్ణ ఆగింది. తిరిగి వచ్చింది. "నాకొద్దులే పెద్దమ్మా. మా ఆయన లేడు," అంది.

ఈశ్వరమ్మక్క చెయ్యి కుంకుమలోనే ఆగిపోయింది. తర్వాత నా దిక్కు తిరిగింది. "ముందే చెప్పద్దా నూర్జా? పెళ్లి రైక ఇది. పసుపు పెట్టి నీ చేతికిచ్చినా గద!" గొంతు పెద్దగా లేదు. తిట్టినా బాగుండేది. కూతురితో, "విప్పమ్మా," అంది.

నేను నోరు తెరిచేలోపు సువర్ణే మాట్లాడింది. కోపం లేదు ఆ గొంతులో. దారం రంగు చెప్పినట్టు చెప్పింది.

"ఇంతసేపు ఆ టీవీలో ఆయమ్మకు బొట్టు తీయద్దని ఏడ్చినావు గద పెద్దమ్మా. నాకు తీసిన నాడు మా ఇల్లు నిండా జనమే. తీయద్దని ఒక్కరు గూడా అనలేదు."

ఈశ్వరమ్మక్క భరిణె మూత పెట్టింది. కూతురు రైక విప్పి టేబుల్ మీద పెట్టింది. ఇద్దరూ ఆటో ఎక్కి పోయారు. కార్డు కూడా ఇయ్యలేదు. ఖాసింబీ చిన్నమ్మ లేచి టీవీ ఆపేసింది.

మా వ్యాపారంలో మాట గుడ్డకన్నా తొందరగా చిరిగి ఊరంతా పాకుతుంది. ఆ వారంలోనే పెళ్లి రైకలు ఇచ్చినోళ్లు కొందరు "మాది కుట్టకపోతే ఇచ్చెయ్యి నూర్జా" అని తీసుకుపోయారు. కారణం ఎవరూ చెప్పరు. అందరూ సువర్ణ దిక్కు ఒక చూపు చూసి పోతారు. పెళ్లి పని పోతే మగ్గం మూలనపడుతుంది. మగ్గం పోతే సువర్ణకు కూలీ ఏముంటుంది? ఆ పిల్ల కూతురు అప్పుడే బడిలో చేరింది.

సువర్ణే నా దగ్గరికి వచ్చింది. "అక్కా, నన్ను ఫాల్స్‌కు పెట్టు. పెళ్లి గుడ్డ నేను ముట్టుకోను. నా వల్ల షాపు పోతాంది."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆమెతో ఆ మాట అనిపించినోళ్ల మీద. "నీ వల్ల పోతాందా? వాళ్లు మోసుకు తిరిగిన నెమళ్లన్నీ ఎవరివి? నిరుడు నీ చేతి రైకలేసుకొని పీటల మీద కూర్చున్నోళ్లు ఎంతమంది, అందరి కాపురాలూ కూలిపోయినాయా? ఏమీ తెలియనప్పుడు పట్టని అశుభం ఇప్పుడొచ్చి పట్టుకుంటాదా? పో, మగ్గం ముందు కూర్చో." అనైతే అన్నాను గానీ, లోపల భయంగానే ఉండింది. కోపంతో కరెంటు బిల్లు కట్టలేం గద.

రేపు రేపంటూ అత్త చెయ్యిని ఆ నుదుటి దగ్గరే సాగదీస్తుంటే, సీరియల్ చూసేటోళ్లు రెండు ముక్కలయ్యారు. లోకంలో జరిగేది చూపించాలి, తీసేయాల్సిందే అని కొందరు. తీస్తే ఆ చానల్ చూడమని ఇంకొందరు. లక్ష్మి ఫోనులో కింద కామెంట్లు చదివి వినిపించేది. అమ్మో, ఎన్ని తిట్లు, ఎన్ని దండాలు! ఆ గొడవకు భయపడ్డారో, ముందే అట్ల రాసుకున్నారో నాకు తెలీదు. మొత్తానికి ఇందుమతి అత్త చెయ్యి పట్టుకొని ఆపేసింది. "ఈ బొట్టు నాది, తీసే హక్కు మీకు లేదు," అంది. మా షాపులో చప్పట్లు. కొట్టిన చేతులు కొట్టినట్టే ఆగిపోయి, అందరి కళ్లూ సువర్ణ మీదికి తిరిగాయి. సువర్ణ నవ్వింది. "ఏందక్కా అట్ల చూస్తారు? బాగా రాసినాడు," అంది. లక్ష్మి ఉన్నట్టుండి ఏడ్చేసింది.

పెళ్లికి ముందు రోజు ఈశ్వరమ్మక్క ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ రైక ఇయ్యి. వేరే రైక ఏసుకోమంటే ఆ పిల్ల పీటల మీద కూర్చోనంటాంది. మూడు రోజుల నుంచి నాతో మాటల్లేవు."

నేను రైక మడిచి ఇచ్చాను. సువర్ణ దిక్కు చూడలేదామె. గడప దాటాక మళ్లీ వెనక్కి వచ్చి, నాకు మాత్రమే వినబడేట్టు, "ఇది ఎవరు కుట్టినారో మా అత్తకు తెలీనియ్యకు," అంది. నేను సరేనన్నాను. మనిషి మారిందని ఆ రోజు నేననుకోలేదు. కూతురి మొండితనం గెలిచింది, అంతే. అయినా ఆ పెళ్లి ఫోటోలు ఊళ్లో తిరిగాక, ఆ నెమలి కావాలని మళ్లీ ఒకరిద్దరు రావడం మొదలుపెట్టారు. ఆడోళ్ల భయం ఎంత పెద్దదైనా, మంచి రైక ముందు ఎక్కువ రోజులు నిలబడదు.

ఇంతలో ఖాసింబీ చిన్నమ్మ మాటే నిజమైంది. రాఘవ్ బతికొచ్చాడు. ముఖం మారి వచ్చాడు, ఆపరేషన్ చేసినారంట. అంటే ఆ నటుడు నిజంగానే సినిమాల్లోకి పోయాడు, వీళ్లు ఇంకో మనిషిని తెచ్చి అదే పేరు పెట్టారు. "నేను చెప్పలా!" అని చిన్నమ్మ షాపంతా మైసూర్‌పాక్ పంచింది. "వీడు ఆ రాఘవ్ అంత బాలేడు," అని లక్ష్మి మూతి ముడిచింది. సువర్ణ మైసూర్‌పాక్ కొరికి, "వాళ్ల రైటరు మంచోడక్కా, తప్పు చేస్తే దిద్దుకుంటాడు," అంది. అందరం నవ్వాం. నవ్వాక ఎవరి పనిలో వాళ్లం పడ్డాం.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, మిషన్లు ఆపిన టైములో, ఈశ్వరమ్మక్క గడపలో కనబడింది. హారికకు ఏడో నెల. సీమంతానికి పిలవడానికి వచ్చింది. నా చేతిలో చెయ్యి పెట్టి పిలిచింది. తర్వాత సంచిలోంచి భరిణె తీసింది. మూత చప్పుడు కాగానే సువర్ణ మగ్గం పక్కకు జరిపి లేచింది.

"యాడికి పోతాండావ్? కూర్చో," అంది ఈశ్వరమ్మక్క.

సువర్ణ కూర్చోలేదు, పోలేదు. నిలబడిపోయింది. షాపులో ఉన్న కస్టమర్లంతా చూస్తున్నారు. టీవీలో ఏం జరుగుతుందో ఎవరికీ పట్టలేదు. ఈశ్వరమ్మక్క దగ్గరికి పోయింది. వేలు కుంకుమలో ముంచింది.

"ఆ టీవీలో ఆయమ్మకు రాసేటోడు మొగుణ్ణి తెచ్చిచ్చినాడు. నేను తెచ్చియ్యలేను తల్లీ. ఇదొక్కటే నా చేతిలో ఉండాది." నల్ల స్టిక్కర్ మీదనే బొట్టు పెట్టింది. "రేపు నా బిడ్డకు గాజులు తొడిగేటప్పుడు నువ్వు పక్కన ఉండాల. మా అత్త గూడా ఉంటాది. ఉండనీ."

ఈ పనిలో ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే చెప్తాను. సీరియల్ కథ నచ్చకపోతే మనం గొంతు చించుకొని అరుస్తాం, రాసేటోళ్లు దిగివచ్చి మారుస్తారు. మన ఇళ్లల్లో జరిగే కథను మాత్రం ఎవరో పైనుంచి రాసి పంపినట్టు నోరు మూసుకొని చూస్తాం. దాన్ని రాస్తున్నది మనమే. ఇప్పుడు నా షాపుకు పసుపు పెట్టిన గుడ్డ ఎవరు తెచ్చినా సువర్ణ చేతికే ఇయ్యమంటాను. ఇయ్యలేమంటే బజారులో వేరే టైలర్లు లేరా, పొమ్మంటాను.

ఆ రోజు ఈశ్వరమ్మక్క పోయాక సువర్ణ మళ్లీ మగ్గం ముందు కూర్చుంది. సూది పట్టుకుంది గానీ కళ్లకు పూస కనబడలేదు. మిగిలిన వరస నేనే కుట్టాను. వంకరగా వచ్చింది. మరుసటి రోజు తనే విప్పి, నన్ను నాలుగు మాటలని, మళ్లీ కుట్టింది.